గొళ్లెం బండి

యెజ్డీ బండికి కిక్ రాడ్డు, గేర్ రాడ్డు అని రెండు ఉండవు. ఎడమ కాలి దగ్గర ఒకటే ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు. బండి లేచాక మళ్లీ ముందుకి వాల్చేస్తే గేర్ రాడ్డు. తెలియనివాళ్లకి తాళంచెవి ఇచ్చి స్టార్ట్ చెయ్యమంటే ముందు కుడివైపు చూస్తారు, తర్వాత ఎడమవైపు చూస్తారు, ఆ తర్వాత మన మొహం చూస్తారు. "దొంగోడికి బండి దొరికినా లేపడం ఎలగో తెలీదు కదేటి, ఇంక దీనికి తాళం ఎందుకు?" అనేవాడు మా నాన్న. నిజంగానే చాలా ఏళ్లు ఆ బండికి తాళం వెయ్యలేదు. తాళం పాడైపోయింది కాబట్టి వెయ్యలేదన్న సంగతి నాకు ముప్ఫయ్యేళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

ఈ ఒంటి రాడ్డు ఏర్పాటు చెకొస్లొవేకియా వాళ్ల జావాది. మైసూరులో 1961లో మొదలైన ఐడియల్ జావా ఫ్యాక్టరీ ఆ బళ్లని మనకి తయారుచేసి పెట్టింది. డెబ్భైల్లో వాటి పేరు యెజ్డీ అయింది. రెండు వైపులా రెండు సైలెన్సర్లు, మధ్యలో 250 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను, ఒకసారి వింటే మర్చిపోలేని మోత. మా నాన్నది 1990 నాటి రోడ్‌కింగ్. నంబరు ఏపీ 31తో మొదలవుతుంది. 1993లో మల్కాపురంలో ఒకాయన దగ్గర పదమూడు వేలకి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

అప్పటికి నాన్న స్టీల్ ప్లాంటులో చేరి నాలుగేళ్లు. వైర్ రాడ్ మిల్లులో ఫిట్టరు. ఆర్-కార్డు మీద వచ్చిన ఉద్యోగం అది. ప్లాంటు కోసం ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు భూములూ ఇళ్లూ పోయిన కుటుంబాలకి ఇచ్చిన కార్డుని ఇక్కడ ఆర్-కార్డు అంటారు. అది ఉన్న అందరికీ ఉద్యోగాలు రాలేదు. వచ్చినవాళ్లలో నాన్న ఒకడు. తాత పొలం ఉన్నచోట ఇప్పుడు ఏ షెడ్డు ఉందో, కల్లం మీదుగా ఏ రోడ్డు పోతోందో నాన్నకి తెలుసు. సర్వీసంతా ఆ రోడ్డు మీదే ఈ బండి నడిపాడు. దాని గురించి మాత్రం ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు.

నేను 1994లో పుట్టాను. నా చిన్నప్పటి రాత్రులకి గడియారం ఆ బండి. బి షిఫ్ట్ అయితే పదిన్నర దాటాక వీధి చివర నుంచి మోత వినిపించేది. అమ్మ స్టవ్ వెలిగించేది. సి షిఫ్ట్ అయితే పొద్దున్న మేము స్కూలుకి తయారవుతుంటే వచ్చేది. ఆ మోత వినబడేదాకా ఇంట్లో అందరూ మేలుకునే ఉండేవాళ్లమని ఇప్పుడు అనిపిస్తుంది, నిద్రపోయినా సరే.

*

గ్యారేజీ అని గొప్పగా చెబుతాను గానీ, అది కూర్మన్నపాలెంలో మా ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న సందు. తొమ్మిదడుగుల వెడల్పు, పైన సిమెంటు రేకులు. ఒక చివర నీళ్ల మోటారు పెట్టె. దాని తలుపు మూసినా నిలవదు, ఇటుక ఆనించి ఉంచుతాం. ఇంకో చివర అమ్మ బట్టలారేసే తాడు. మధ్యలో పరదా కింద బండి.

2009లో నాన్న స్కూటీ కొన్నాడు. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. బండిని నెలకోసారి లేపి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ పెట్టేసేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఈ రేకులన్నీ ఎగిరిపోయాయి. పక్కింటి మామిడిచెట్టు కొమ్మ బండి మీద పడింది. ఆ నెలల్లో ఊరంతా ఇళ్ల గురించి, కరెంటు గురించి, ఒక్క పూటలో బోడి అయిపోయిన చెట్ల గురించి బాధపడింది. బండి గురించి ఎవరు బాధపడతారు? కొమ్మ తీసేసి నీలం పరదా కప్పాం. పదేళ్లు అలాగే ఉంది. పరదా వానని ఆపుతుంది గానీ తేమని లోపలే దాచిపెడుతుంది. నిజానికి కప్పకుండా వదిలేసి ఉంటే ఇంకాస్త మెరుగ్గా ఉండేదంటాడు నాన్న.

2024 నవంబరులో పాత ఇనుప సామాన్లు కొనే అతను వచ్చాడు. అమ్మ పిలిచింది. మూడు వేలన్నాడు. బండి చుట్టూ తిరిగి చూసి చెప్పిన ధర కాదది, హ్యాండిల్ పట్టుకుని ఒకసారి కదిపి బరువు అంచనా కట్టి చెప్పిన ధర. నాన్న అరుగు మీద కూచుని పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడం లేదు. నేను ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్న రోజులవి. లాప్‌టాప్ మూసి బయటికొచ్చి, "అమ్మట్లేదండీ" అన్నాను.

"మరేటి సేస్తావే దీన్ని?" అంది అమ్మ.

"నడిపిస్తాను."

నాన్న పేజీ తిప్పాడు.

*

వైజాగ్‌లో ఇనుప వస్తువు కొనడమంటే తుప్పుతో కాపురం పెట్టడమే. సముద్రం మీంచి వచ్చే ఉప్పు తేమ గాల్లో ఉంటుంది. ఉప్పు కలిసిన నీటిపొర ఇనుము మీద ఉంటే తుప్పు పట్టే వేగం చాలా పెరుగుతుంది. కిటికీ ఊచలు, గేటు కింది అంచు, గ్యాస్ సిలిండర్ పెట్టినచోట నేల మీద గుండ్రటి మరక, వీటికి అలవాటు పడిపోతాం. పాతూరు వైపు ఉండేవాళ్లకి పోర్టు దుమ్ము అదనం.

బండి మడ్‌గార్డ్ మీద చెయ్యి పెడితే పెచ్చు ఊడి వచ్చింది. ఎర్రగా, తడి మట్టిలా ఉంది. నాన్న దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది మళ్లీ గనిలోకెళ్లిపోతంది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. బైలదిల్లా కొండల నుంచి మన ప్లాంటుకి వచ్చే ముడి ఖనిజమూ ఈ తుప్పూ దాదాపు ఒకటేనట, రెండూ ఇనుమూ ఆక్సిజనూ కలిసినవే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ వేసి, వేడి గాలి ఊది, ఆ ఆక్సిజన్ని విడదీస్తేనే ఇనుము వస్తుంది. అంత మంట పెట్టి విడదీసిన దాన్ని గాలీ నీళ్లూ కలిసి, ఏ తొందరా లేకుండా, మళ్లీ కలిపేస్తాయి. కిరండూల్ నుంచి కొత్తవలస దాకా ఆ కొండల్లోంచి రైలు మార్గం వేసి కిందికి తెచ్చిన ఎర్రమట్టి, మా సందులో మళ్లీ ఎర్రమట్టి అవుతోంది. స్కూల్లో చదివిన సమీకరణమే ఇది. కాకపోతే అప్పుడు దానికి వాసన లేదు.

ఇంజను పట్టేసింది. సిలిండర్లో పిస్టన్ తుప్పుతో అతుక్కుపోయింది. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వదిలేశాం. రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెం పోయడం, బండిని గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కదపడం. అంతే పని. నాకు సుత్తి తీసుకుని కొట్టాలనిపించేది. నాన్న కుర్చీ వేసుకుని కూచుని, "బలం కాదు, టైము పెట్టు" అనేవాడు. రోలింగ్ మిల్లులో ఒకచోట పట్టేసిన షాఫ్టుని విడిపించడానికి రెండు షిఫ్టులు ఆగాల్సి వచ్చిన కథ మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి షిఫ్టులు మూడయ్యాయి. పదమూడో రోజు వెనక చక్రం పావు అంగుళం ఎక్కువ తిరిగింది. ఆ పావు అంగుళం నాన్న చూడలేదు, విన్నాడు. లోపలెక్కడో చిన్న చప్పుడు.

కదిలినంత మాత్రాన ఇంజను బాగుపడినట్టు కాదు. టూ-స్ట్రోక్ ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసి ముందు పిస్టన్ కింద, క్రాంక్ ఉండే గదిలోకి వస్తాయి. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ గదిలో నొక్కుకుపోయి, అక్కణ్ణుంచి పైకి వెళ్తాయి. అందుకని ఆ గదికి గాలి చొరబడకూడదు. దాన్ని కాపాడేవి క్రాంక్ రెండు చివర్లా ఉండే రబ్బరు సీళ్లు. పదేళ్లు కదలకుండా ఉంటే అవి ఎండి అప్పడాల్లా అయిపోతాయి. వాటిని మార్చాలంటే ఇంజను మొత్తం రెండు చెక్కలు చెయ్యాలి. మా సందులో అయ్యే పని కాదు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి ఆటోలో ఇంజను పట్టుకెళ్లాం. ఆయన నేనడిగిన ప్రతి ప్రశ్నకీ నాన్న వైపు తిరిగి జవాబు చెప్పేవాడు. నాలుగో ప్రశ్నకి నాన్న చేతులెత్తేశాడు. "నన్నడక్కండి, బండి ఆవిడిది. నేను ఆవిడతో వచ్చేను." ఆ తర్వాత ఆయన నాతోనే మాట్లాడాడు. కొంచెం గట్టిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, అయినా నాతోనే.

*

ట్యాంకు మాత్రం పూర్తిగా ఇంటి పని. లోపలి తుప్పు పోవాలంటే చిన్న చిన్న నట్లు గుప్పెడు వేసి, కిరసనాయిలు పోసి, గంటల తరబడి ఊపాలి. చేతులు పడిపోతాయి. నాన్న అమ్మ దగ్గర పాత చీర అడిగి, రేకుల కింద దూలానికి ఉయ్యాల కట్టి, అందులో ట్యాంకుని పడుకోబెట్టాడు. ఇటు నేను, అటు నాన్న. పక్కింటి పిల్లలు వచ్చి చూసి నవ్వుకున్నారు. రెండు రోజులు ఊపాక బయటికొచ్చిన కిరసనాయిలు గోదావరి వరద నీళ్ల రంగులో ఉంది. తర్వాత తుప్పుని కరిగించే ఆమ్లం పోసి, కడిగి, ఆరబెట్టాం.

ఆ రాత్రి కరెంటు తీసేసి, ట్యాంకు లోపలికి చిన్న టార్చి దింపి చూశాం. చుక్కలు. అడుగు భాగమంతా సన్నటి వెలుగు చుక్కలు, పదకొండు లెక్కపెట్టాను. ఇన్నాళ్లూ ఆ కన్నాల్ని మూసి ఉంచింది తుప్పే. మేము కడిగేసినదే పెట్రోలు కారకుండా ఆపింది. ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, పాత ట్యాంకులకి అస్సలు పడదు. మర్నాడు గ్యాస్ వెల్డింగ్ అతను ట్యాంకులో నిండా నీళ్లు పోసి, లోపలి పెట్రోలు ఆవిరి అంతా బయటికి తోలేశాక గానీ మంట దగ్గరికి తేలేదు. ఇత్తడి కరిగించి పదకొండు కన్నాలూ మూశాడు.

పైన రంగు తియ్యడం మొదలెట్టాక నాకు నిజమైన పిచ్చి పట్టింది. నీళ్లతో తడిపి గరుకు కాగితం రుద్దుతుంటే పొరలు బయటపడ్డాయి. అన్నిటికన్నా పైన నలుపు. దాని కింద నీలం. ఆ నీలం నాకు తెలుసు. 1998లో మా చిన్నత్త పెళ్లికి ఇంటి కిటికీలకి వేసిన రంగు. డబ్బాలో మిగిలింది నాన్న బ్రష్‌తో ట్యాంకుకి వేశాడు, బ్రష్ వెంట్రుక ఒకటి పెయింట్లో అతుక్కుని అలాగే ఉంది. నీలం కింద, అంచుల్లో మాత్రం మిగిలిన కంపెనీ మెరూన్.

అప్పట్నుంచి బండిలో ప్రతి చోటా ఇలాంటివి వెతకడం మొదలెట్టాను. గేర్ రాడ్డు చివర రబ్బరు బదులు నీళ్ల పైపు ముక్క. లోపల హెడ్‌లైటు వైర్లు ఇంటి వైరింగుకి వాడే ఎరుపూ నలుపూ. వెనక ఫోర్కుకి కంపెనీ బుష్ కాదు, ఆటోనగర్ లేతు మీద తిప్పించిన ఇత్తడి బుష్. ఎడమ కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ పాత సామాన్ల కొట్లో కొన్న ఇనుప కడ్డీ కోసి వెల్డ్ చేయించింది. సీటు ఆటోవాళ్లు వేసుకునే ఆకుపచ్చ రెక్సిన్. అన్నిటికన్నా ముద్దొచ్చింది పక్క డబ్బా. పానాలు, ప్లగ్గు పెట్టుకునే ఆ డబ్బా తాళం ఎప్పుడో విరిగిపోతే, దానికి ఇంటి తలుపుకి బిగించే ఇనుప గొళ్లెం బిగించాడు నాన్న. చిన్న రివిట్లతో, ఎంతో శుభ్రంగా, సూటిగా.

ఇవన్నీ ఎందుకొచ్చాయో తెలియాలంటే మైసూరు సంగతి తెలియాలి. ఎనభైల్లో జపాన్ కంపెనీలతో కలిసి వచ్చిన వందసీసీ బళ్లు, ముఖ్యంగా 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, మైలేజీ అన్న మాటకి అర్థమే మార్చేశాయి. పొగ మీద నిబంధనలు వచ్చాయి. ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. నాన్న బండి కొన్న మూడేళ్లకి. ఆ తర్వాత స్పేర్లు షాపుల్లో మిగిలినంతవరకే, మిగిలినవాటికి చెప్పిందే ధర. ఫ్యాక్టరీ పోయాక కూడా పదమూడేళ్లు ఆ బండి రోజూ షిఫ్టుకి వెళ్లింది. దాన్ని అన్నేళ్లు నడిపింది మైసూరు కాదు. గాజువాక లేతులు, వెల్డింగ్ షాపులు, మా నాన్న.

బెంగళూరులో యెజ్డీలంటే ప్రాణం పెట్టే ఒక పరిచయస్తుడికి ఫొటోలు పంపాను. ఏటా జులై రెండో ఆదివారం జావా-యెజ్డీ దినం అని జరుపుకునే జాతి వాళ్లది. నట్టు మీద కంపెనీ ముద్ర లేకపోతే నిద్రపట్టదు. "అవన్నీ పీకెయ్యి. ఫ్యాక్టరీ కండిషన్‌కి తెస్తే మంచి రేటొస్తుంది. గొళ్లెంతో ఉంటే అది రిస్టోరేషన్ కాదు, రిపేరు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఫ్యాక్టరీ కండిషన్ అంటే ఆ బండి జీవితంలో మొదటి రోజు. ఆ ఒక్కరోజుని కాపాడటానికి మిగతా ముప్ఫై నాలుగేళ్లనీ చెరిపెయ్యాలా? యెజ్డీ పేరుని 2022లో కొత్త బళ్లకి పెట్టి మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చారు. కొత్తదే కావాలంటే షోరూముకి వెళ్లొచ్చు కదా. నేను మాత్రం ఇవన్నీ ఉంచాలని నిశ్చయించుకున్నా. తుప్పు తీస్తాను, సీళ్లు మారుస్తాను, నాన్న చేతిపని ఒక్కటి కూడా తియ్యను.

*

నాన్నకి చెప్పాను. ఆయన అప్పుడు పాయింట్లు శుభ్రం చేస్తున్నాడు, కళ్లజోడు ముక్కు చివరికి దింపుకుని.

"గొళ్లెం ఉంచేద్దాం నాన్నా. ఫుట్‌రెస్టూ, రెక్సినూ అన్నీ."

"కంపెనీవి దొరకవా?"

"దొరుకుతాయి. కొత్తగా చేసి అమ్ముతున్నారు."

"మరి అవే పెట్టు."

"ఇవి నువ్వు చేసినవి కదా."

కొంచెంసేపు మాట్లాడలేదు. "డబ్బుల్లేక చేసినవమ్మా అవి" అన్నాడు. "నీకు డబ్బులుండి కూడా అవే ఉంచుతానంటావేటి?"

తర్వాత ఆ రోజంతా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్లాంటు సైకిల్ స్టాండులో తొంభైల చివరికి అందరివీ హీరో హోండాలే. నిశ్శబ్దంగా వస్తాయి, వెళ్తాయి. నాన్నది దూరం నుంచే తెలిసిపోతుంది. ఎవరో ఒకాయన గొళ్లెం చూసి, "ఏటి, ఇంటి తలుపేసుకుని వచ్చీసేవా?" అన్నాడట. ఆ రోజు నుంచి అది గొళ్లెం బండి. ఈ పేరు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. నాన్న స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు, "గొళ్లెం బండి ఉందా, ఇంట్లోనే ఉన్నాడన్నమాట" అని నవ్వుతూ వచ్చేవాళ్లు. ముద్దుపేరనుకునేదాన్ని. స్కూల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. నాన్న ఆ మాటకి నవ్వగా ఎప్పుడూ చూడలేదని ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది.

అత్త పెళ్లికి మండపం దాకా బండి తేలేదట. రెండు వీధుల అవతల పెట్టి నడిచి వచ్చాడట. నీలం రంగు వేసిందే ఆ పెళ్లికి. వేశాక చూసుకుంటే కిటికీ తలుపులా ఉందట.

మేము చదువుకునే వ్యాసాల్లో ఒక జపాన్ మాట తరచు వస్తుంటుంది, కిన్‌త్సుగి. పగిలిన పాత్రని లక్కతో అతికి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్ది, పగులుని దాచకుండా చూపిస్తారు. నాకూ ఆ ఊహ ఇష్టమే, లాప్‌టాప్ మీద దాని బొమ్మ ఉన్న స్టిక్కరు కూడా ఉండేది. అయితే ఆ వ్యాసాల్లో ఎక్కడా అతుకు వేయించుకున్నవాడు కొత్త పాత్ర కొనుక్కోగలడా లేదా అన్నది ఉండదు. బంగారంతో అతికించుకోగలవాడికి అతుకు అందంగానే ఉంటుంది. పొద్దున్న ఆరింటికి షిఫ్టు ఉండి, రాత్రి పదింటికి వెల్డింగ్ షాపు తలుపు కొట్టినవాడికి అది అతుకు, అంతే. అప్పుడు నాన్న రిపేరు చేశాడు. ఇప్పుడు నేను చేసేది రిస్టోరేషన్. పని ఒకటే, నెల జీతం వేరు. మార్చి నాటికి నా ఖర్చు అరవై వేలు దాటింది. నాన్నకి సగమే చెప్పాను, ఆ సగానికే గుండె పట్టుకున్నాడు.

అలాగని బెంగళూరు మిత్రుడు చెప్పింది సరైందని కూడా అనలేను. ఎందుకంటే నాన్న లెక్క అతని లెక్కా కాదు, నా లెక్కా కాదు. కొత్త బుష్ కొరియర్లో వచ్చింది. నాన్న దాన్ని వేలికి తొడిగి, తిప్పి, పక్కన పెట్టేశాడు. పాత ఇత్తడి బుష్ ఇంకా గట్టిగానే ఉంది, ఫోర్కు ఇసుమంత కూడా ఆడటం లేదు. "పనిచేసేదాన్ని తియ్యకూడదు" అన్నాడు. అది ఎవరికీ కనపడదు కూడా. ఇంటి వైర్లు తీసేశాం, అవి ప్రమాదం. ఫుట్‌రెస్ట్ తీసేశాం. నీళ్ల పైపు ముక్క తీసేశాం. సీటు నలుపు. రంగు దగ్గర నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, మెరూన్ అన్నాడు. పెయింటర్ దగ్గర నేను నిలబడి, ట్యాంకు కింద ఫ్రేము మీద కూర్చునే చోట వేలెడు నీలం మాత్రం వదిలెయ్యమన్నాను. ట్యాంకు విప్పితే తప్ప కనబడదు. అది నాకోసం.

*

మధ్యలో, 2025 జనవరిలో, స్టీల్ ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. పేపర్లో పెద్ద అక్షరాలతో 'పునరుద్ధరణ' అని వేశారు. నేను సందులో బండి పక్కన కూచుని ఆ మాట చదివి నాన్నకి వినిపించాను. 2021 జనవరి 27న ప్లాంటులో వంద శాతం పెట్టుబడులు ఉపసంహరించుకోవాలని నిర్ణయం జరిగినప్పుడు, నాన్న రిటైరయ్యి రెండేళ్లు. అయినా కూర్మన్నపాలెం దగ్గర శిబిరంలో కూచోడానికి వెళ్లేవాడు. స్కూటీ మీద, మోకాలికి పట్టీ వేసుకుని. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం ప్రాణాలిచ్చినప్పుడు నాన్నకి ఏడేళ్లు. ఆ నినాదం గెలిచాకే వాళ్ల ఊరు పోయింది. రెండూ తనవే అన్నట్టు ఉంటాడు.

"ఏమంటావు?" అన్నాను.

"దేన్ని పునరుద్ధరిస్తారో రాసేరా?" అన్నాడు. కాసేపాగి, "సొంత గని లేదు. పెట్రోలు పంపులో పోయించుకున్నట్టు ఖనిజం కొనుక్కుంటాం. రంగేస్తే బండి నడవదు కదా" అన్నాడు. ఆ తర్వాత పానా అడిగాడు, పద్నాలుగు నంబరుది.

*

ఏప్రిల్లో ఒక ఆదివారం లేపాం. అంతకుముందు పాయింట్ల గ్యాపు సరిచెయ్యడానికి పలచటి కాగితం కావాలన్నాడు నాన్న. పాయింట్ల మధ్య కాగితం పెట్టి, మ్యాగ్నెట్‌ని నెమ్మదిగా తిప్పుతుంటే, అవి విడిపోయే సరైన క్షణంలో కాగితం జారి వచ్చేస్తుంది. పిస్టన్ ఎక్కడున్నప్పుడు జారిందో చూస్తే టైమింగు తెలిసిపోతుంది. సిగరెట్ ప్యాకెట్ కాగితం దీనికి శ్రేష్ఠమట. మా ఇంట్లో సిగరెట్లు లేవు కాబట్టి పక్కింటి బాబాయ్‌ని అడిగి తెచ్చాను. అమ్మ నన్ను అనుమానంగా చూసింది.

పెట్రోల్లో టూటీ ఆయిలు కలిపి పోశాం. రాడ్డు లోపలికి నొక్కి, పైకి తిప్పి, కాలు పెట్టాను. నాన్న మోకాళ్లు ఇంక కిక్కు కొట్టలేవు, అందుకని కాలు నాది, చెవులు ఆయనవి. మొదటి పది పన్నెండు కిక్కులకి ఏమీ లేదు. "కాలితో కొట్టకు, ఒళ్లంతా దించు" అన్నాడు. చొక్కా తడిసిపోయింది. ప్లగ్గు విప్పి తుడిచి మళ్లీ బిగించాం. ఇంకో నాలుగు. ఒకసారి రాడ్డు వెనక్కి తన్ని పిక్క మీద తగిలింది. ఆ తర్వాతది అంటుకుంది.

సందంతా తెల్లటి పొగ. పాత ఆయిలు, కిరసనాయిలు, పదేళ్లు గూడు కట్టినవన్నీ రెండు సైలెన్సర్లలోంచి బయటికొచ్చాయి. తాడు మీదున్న దుప్పట్లు పట్టుకుని అమ్మ తిడుతూ లోపలికి పరిగెత్తింది. నాన్న ఏదో అన్నాడు, వినపడలేదు. మళ్లీ అన్నాడు. "కుడి సైలెన్సరు తక్కువ కొడతంది" అంటున్నాడు. అరగంట తర్వాత అది కూడా సరిపోయింది.

ఇంక కాగితాలు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. మాది ఎప్పుడో ముగిసిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి పాత టూవీలర్లకి ఆ రుసుము కూడా పెరిగింది. పొగ పరీక్ష ఉంది, టూ-స్ట్రోక్ బండికి అది ఎప్పుడూ గండమే. ఆర్సీ మీద ఉన్నది పాత అద్దె ఇంటి అడ్రసు. అది మార్చాలి, పేరు నాకు మార్చాలి. ఇవన్నీ అయ్యేదాకా బండి మా వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, అంతే. కొంతమంది ముసలివాళ్లు గేట్ల దగ్గరికి వచ్చి చూస్తారు. ఒకాయన నాన్నని కేకేసి, "ఏటి, గొళ్లెం బండి మళ్లీ లేచిందేటి?" అన్నాడు. నాన్న పక్క డబ్బా చూపించాడు. కొత్త తాళం, నికెల్ మెరుపు. చెవి తిప్పి తీసి, మూసి చూపించాడు. రెండుసార్లు.

గొళ్లెం ఎక్కడుందో నేను వారం రోజులు వెతికాను. రివిట్లు నాన్నే తీశాడు, తీసి ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న నీళ్లు పట్టడానికి వెళ్లి చూస్తే మోటారు పెట్టె తలుపుకి ఇటుక లేదు. గొళ్లెం బిగించి ఉంది. నాలుగు కొత్త స్క్రూలు, సూటిగా. తుప్పు గీకేసి, మీద మెరూన్ రంగు వేశాడు, ట్యాంకుకి వెయ్యగా మిగిలిన డబ్బాలోంచి.